తీరని ఋణము: కౌమార నవలలో శోకము, అన్వేషణ, కళ

సాహిత్యపు పుట్టుకనే శోకముతో ముడిపెట్టి చెప్పుకొన్న జాతి మనది. వేటకాని బాణమునకు క్రౌంచపక్షి నేలగూలుట చూచిన మునికి కలిగిన శోకమే శ్లోకమైనదన్న కథ పండితునకును పామరునకును తెలిసినదే. ఆలంకారికు లీ కథను ఆధారముగా గొని, శోకమను స్థాయిభావము కరుణరసముగా పరిణమించు విధమును విస్తరించి చెప్పినారు. అయితే ఆ చర్చలో ఒక సంగతి మరుగున పడినది. వాల్మీకి తపస్వి, బుద్ధి పండినవాడు. అతని విషయమున శోకమునకును శ్లోకమునకును నడుమ ఒక్క క్షణమే గడచినది. పదునాలుగేండ్ల పిల్లవాని విషయమున అట్లు జరుగదు. అతని చేతికి మాట వెంటనే అందదు. శోకము కలిగిన దినమునకును, అది మాటగానో రంగుగానో రాగముగానో మారు దినమునకును నడుమ ఏండ్లు గడచును. ఆ ఏండ్లలో అతడేమి చేయును? వెదకును. దేనిని వెదకుచున్నాడో తనకే తెలియక వెదకును. ఆ వెదకులాటయే కౌమార నవలకు వస్తువని నా అభిప్రాయము.

కౌమార నవల అన్న మాటను ఇచట నేనే యర్థమున వాడుచున్నానో చెప్పవలెను. పన్నెండు మొదలు పందొమ్మిది ఏండ్ల వరకు గలవారు చదువుకొనదగినదియు, ఆ వయస్సులోని మనస్సును కేంద్రముగా గలదియు నగు నవల యని దానికర్థము. పాశ్చాత్యులు దీనినొక ప్రత్యేక శాఖగా ఏర్పరచి, గ్రంథాలయములలో వేరు బీరువాలు కేటాయించి, బహుమానములు నెలకొల్పినారు. మనకా పేరు స్థిరపడలేదు. కాని ఆ వస్తువు మన దేశమున లేదనుట పొరపాటు. వంగభాషలో అది తొంబదేండ్లకు పైగా ఉన్నది. తెలుగులోనికి అనువాదముగా వచ్చియు ఉన్నది. మనము దానిని ఆ దృష్టితో చదువలేదు, అంతే.

మన ఇండ్లలో చావు జరిగినప్పుడు పిల్లలను పొరుగింటికి పంపుట వాడుక. అమ్మమ్మ ఏదని అడిగిన, ఊరు వెళ్లినదనియో, దేవుని దగ్గరకు పోయినదనియో చెప్పుదుము. ఇది ప్రేమతో ఆడు అబద్ధమే. కాని పిల్లవాడు ఆ అబద్ధమును నమ్మడు, నమ్మినట్లు నటించును. పెద్దలకు తన దుఃఖము చూపరాదని ఆనాడే నేర్చుకొనును. మన కావ్యములలో స్మృతికావ్యములకు కొదువ లేదు. భార్యావియోగమున విశ్వనాథవారు వరలక్ష్మీ త్రిశతి వ్రాసినారు. తల్లిని తలచుకొని నాయని సుబ్బారావుగారు మాతృగీతములు వ్రాసినారు. ఇవి గొప్ప రచనలు. అయితే వీనిలో శోకించువాడు మాట నేర్చిన పెద్దవాడు. మాట నేర్వని వయస్సులో పోగొట్టుకొన్నవాని పక్షమున నిలిచి మాటలాడిన రచన మనకు అరుదు.

చావును గూర్చి పిల్లలతో చెప్పవచ్చునా అన్న ప్రశ్నకు రవీంద్రుల డాక్‌ఘర్ నాటిక ఒక సమాధానము. వ్యాధిగ్రస్తుడై గదిలో బంధింపబడిన అమల్ అను బాలుడు కిటికీకడ కూర్చుండి, రాని ఉత్తరము కొరకు ఎదురుచూచును. 1942 జూలై 18న వార్సా నగరపు యూదుల మురికివాడలో, యానుష్ కోర్చాక్ అను వైద్యుడు తాను నడుపు అనాథాశ్రమములోని పిల్లలచేత ఈ నాటికను ఆడించెను. మూడు వారములైనను గడువకమునుపే ఆ పిల్లలను, వారితోపాటు ఆయనను, ట్రెబ్లింకా వధ్యస్థలమునకు తరలించిరి. పిల్లలు చావును గూర్చి తెలిసికొనుటకు కళ తగినదా కాదా అన్న వాదము ఆ ఒక్క ప్రదర్శనతో ముగిసినదని నాకు తోచును. చావు పిల్లల కడకు రాక మానదు. అది వచ్చునప్పటికి వారి చేతిలో ఏదైన ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

ఇక శోకము అన్వేషణముగా మారు తీరును చూపుటకు నేనున్న ప్రాంతమునుండియే ఒక ఉదాహరణము గ్రహింతును. బోద్రీ బిలాస్‌పూర్ చేరువనున్న చిన్న పట్టణము; ఛత్తీస్‌గఢ్ ఉన్నత న్యాయస్థానమిచటనే ఉన్నది. బిలాస్‌పూర్ అనగా రైల్వే ఊరు. హౌరానుండి నాగపూర్ మీదుగా బొంబాయి పోవు మార్గముపై ఉన్న ఈ కూడలి, ఒకనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే కాలముననే పెద్దదైనది. 2003నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. ఇచటినుండియే కట్నీ వైపు శాఖ చీలును. పెండ్రా రోడ్డు వంటి ఆరోగ్యస్థలములకు పోవువారు హౌరా బండి దిగి, ఇచట బండి మారవలసినదే. ఈ బండి మారుటనుండియే రవీంద్రుల ఫాఁకీ అను కథాకావ్యము పుట్టినది. ఫాఁకీ అనగా వంచన. 1918లో వెలువడిన పలాతకా అను సంపుటములో అది ఉన్నది. బిలాస్‌పూర్ స్టేషనులో నేటికిని ఆ పద్యమును ఫలకముపై చెక్కి నిలిపినారు.

కథ సామాన్యమైనది. ఇరువది మూడేండ్ల బిను అను రోగగ్రస్తను భర్త గాలిమార్పునకై తీసికొనిపోవుచున్నాడు. ఉమ్మడికుటుంబపు గోడలు దాటి ఆమె బయలుదేరుట ఇదియే మొదటిసారి. బిలాస్‌పూరులో బండి మారుటకు ఆరుగంటలు ఆగవలెను. ఆ సమయమున రుక్మిణియను కూలివాని భార్యతో బినుకు స్నేహము కలిగెను. రుక్మిణి కూతురి పెండ్లికి ఇరువదియైదు రూపాయలు కావలెను. అవి ఇమ్మని బిను భర్తను కోరెను. అతడిత్తునని మాట ఇచ్చి, చాటుకు పిలిచి, ఆ పేదరాలిని బెదరించి, రెండు రూపాయలతో పంపివేసెను. రెండు నెలలకు బిను మరణించెను. ఆ రెండు నెలలును తన జీవితమునకు నిండుదనము కలిగినవని కృతజ్ఞతతో చెప్పి మరణించెను. అప్పుడు భర్త ఇరువదియైదు రూపాయలు చేతబట్టుకొని బిలాస్‌పూరునకు తిరిగి వచ్చి రుక్మిణిని వెదకెను. వారెటు పోయిరో ఎవ్వరికిని తెలియదు. డార్జిలింగో, ఖుస్రూబాగో, అరకానో అని ఎవరికి తోచినది వారు చెప్పిరి. ఆ బాకీ తీరలేదు.

ఇది కవి స్వానుభవమనియు, బిను ఆయన భార్య మృణాళినీదేవియే యనియు ఈ ఊరిలో ఒక వాడుక. మృణాళినీదేవి 1902 నవంబరులో కలకత్తాలో మరణించినది. పలాతకా సంపుటము పదునారేండ్ల తరువాతిది. అది వెలువడిన 1918లోనే, మే నెలలో, కవి పెద్దకూతురు మాధురీలత క్షయవ్యాధితో కన్నుమూసినది. కనుక ఏ మరణపు నీడ ఈ పద్యముపై పడినదో నిర్ణయింపబూనుట వ్యర్థము. మనకు కావలసినది వేరు. ఈ కావ్యమున భర్త ఏడ్చినట్లు కవి వర్ణింపలేదు. అతని చేతిలో రూపాయలు పెట్టి, స్టేషనులో నిలువబెట్టి, మనిషి మనిషినీ అడిగించినాడు. శోకము ఋణముగా మారినది. ఋణము అన్వేషణముగా మారినది. అన్వేషణము విఫలమై కావ్యముగా మిగిలినది. ఈ క్రమమే నేను కౌమార నవలలో చూపదలచినది. పెద్దవాని విషయమున ఆ ఋణము డబ్బు రూపమున ఉన్నది. పిల్లవాని విషయమున అది మరింత చిన్నదై, మరింత తీరనిదై యుండును.

ఆ చిన్న ఋణమును సంపూర్ణముగా చిత్రించిన గ్రంథము విభూతిభూషణ వంద్యోపాధ్యాయుని పథేర్ పాంచాలీ. 1928లో విచిత్ర పత్రికలో ధారావాహికగా ఆరంభమై, 1929లో పుస్తకముగా వెలువడినది. దాని కొనసాగింపు అపరాజితో. మొదటిదానిని మద్దిపట్ల సూరిగారు తెనిగించినారు. ఇదే రచయిత ఆరణ్యక్ నవల సూరంపూడి సీతారాంగారి చేతిలో వనవాసియై తెలుగువారికి ఆప్తమైనది. పథేర్ పాంచాలీ పిల్లల కొరకు వ్రాసిన నవల కాదు. అయినను 1940 దశకము నడుమ కలకత్తాలోని సిగ్నెట్ ప్రెస్సువారు దానిని సంక్షేపించి ఆమ్ ఆంటిర్ భేంపు అను పేర బాలుర పుస్తకముగా వెలువరించినారు. ఆ పేరు మూలములోని రెండవ భాగమునకు పెట్టినదే. మామిడిటెంక బూర యని మనము చెప్పుకొనవచ్చును. దానికి బొమ్మలు గీసినవాడు అప్పటికింకను యువకుడైన సత్యజిత్ రాయ్. ఆ బొమ్మలు గీయుచుండగా మనస్సులో నాటుకొన్న విత్తనమే 1955లో చలనచిత్రమై ప్రపంచమునకు తెలిసినది.

నిశ్చిందిపురమను పల్లెలో పేద పురోహితుడు హరిహరుడు, అతని భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపూ. అక్కాతమ్ములిద్దరకును రైలు చూడవలెనని కోరిక. ఒకనాడు తప్పిపోయిన ఆవుదూడను వెదకు నెపమున పొలములకు అడ్డముపడి పరుగెత్తినారు. దారి తప్పి, రైలుకట్ట చేరకయే తిరిగి వచ్చినారు. మరియొకనాడు అపూ తండ్రి వెంట వెళ్లి పట్టాలను చూచెను గాని, బండి వచ్చువరకు ఆగుటకు తండ్రికి తీరికలేదు. దుర్గ ఆ పట్టాలను కూడ చూడలేదు. జ్వరముతో మంచముపట్టినప్పుడు, నయమైన పిదప తనకు రైలు చూపుమని తమ్ముని అడిగినది. నయము కాలేదు. ఇదియే ఆ నవలలోని ఋణము. ఇరువదియైదు రూపాయల వంటిదే, అంతకంటె చిన్నది.

చలనచిత్రము చూచినవారు రెల్లుపూల నడుమ అక్కాతమ్ములు రైలును చూచిన దృశ్యమును మరువలేరు. రాయ్ గొప్పదనమున కది నిదర్శనము. కాని నవలలో ఆ దృశ్యము లేదన్న సంగతి మనము గుర్తింపవలెను. నవలలో దుర్గ రైలును చూడకయే పోయినది. కుటుంబము ఊరు విడిచి బండి ఎక్కిన దినమున, కదులుచున్న బండి కిటికీనుండి అపూ వెనుకకు చూచుచు, అందరును అక్కను విడిచి వచ్చినారు గదా అని తలచుకొనును. తాను కోరిన రైలులోనే తాను కూర్చున్నాడు. కోరిక తీరిన క్షణమే ఋణము గుర్తుకువచ్చు క్షణమైనది. సినిమాకు ఒక ధర్మము, నవలకొక ధర్మము. కన్నులకు కనబడు సౌందర్యము కొరకు రాయ్ ఆ ఋణమును తీర్చివేసినాడు, విభూతిభూషణుడు తీర్పలేదు. తీర్పకపోవుట చేతనే అపూ నడక ఆగలేదు.

దుర్గ మరణమును రచయిత వర్ణించిన తీరును మన నవలాకారులు పరిశీలింపదగును. మరణసమయమున రచయిత గొంతు పెంచడు. తండ్రి దూరదేశమున ఉన్నాడు. సంగతి తెలియక కూతురికి చీర కొనుక్కొని ఇంటికి వచ్చును. చీర చేతిలో ఉండగా తెలియు మరణమునకు వేరే వర్ణనము అక్కరలేదు. అటుపిమ్మట చాలకాలమునకు, ఊరు విడుచు సమయమున, అపూ చేతికి ఒక కుంకుమ భరిణె దొరకును. బంగారుది. వెనుకటికి ఒక ఇంట అది పోయినదని దుర్గపై నేరము మోపి కొట్టినారు, ఆమె తీయలేదన్నది. ఇప్పుడది ఆమె దాచిన చోటనే దొరకినది. పిల్లవాడు ఎవ్వరికిని చెప్పక దానిని వెదురుపొదలోనికి విసరివేసెను. అక్క దొంగయన్న సత్యమును, అక్కపై ప్రేమను ఒక్కసారే మోసిన ఆ చేయి పిల్లవాని చేయి కాదు. అతని బాల్యము ఆ విసరుటతో ముగిసినది. శోకమును గూర్చి నూరు పుటల వ్యాఖ్యానము చేయజాలని పనిని ఒక భరిణె చేసినది.

అపరాజితోలో మరింత సాహసమైన ఘట్టమొకటి ఉన్నది. తండ్రి కాశిలో పోయినాడు. తల్లి పరుల ఇంట వంటచేసి కొడుకును పెంచినది. అతడు చదువునకై కలకత్తా చేరినాడు. తల్లి మరణవార్త విన్నప్పుడు మొట్టమొదట అపూ మనస్సులో కలిగినది దుఃఖము కాదు. విడుదల పొందినట్టి ఒక ఆనందము. మరుక్షణమున దానిని చూచి అతడే భయపడినాడు. మన సంప్రదాయమున ఇట్టి వాక్యము వ్రాయుటకు గుండెనిబ్బరము కావలెను. మాతృదేవత యని చేతులు జోడించు దేశమున, తల్లి పోయిన క్షణమున కొడుకు తేలికపడినాడని వ్రాసినచో పాఠకుడు పుస్తకము మూసివేయునేమో యన్న భయముండును. కాని ఇట్టి భావము కలిగి, దానిని చెప్పుకొనలేక, తానొక దుర్మార్గుడనని కుమిలిపోవు పిల్లలెందరో ఉన్నారు. వారికి ఆ ఒక్క పుట తల్లి చేయివంటిది. నీవొక్కడవే కాదని చెప్పుటకంటె కళ చేయగల ఉపకారమేమున్నది?

అపూ వెదకులాటకు అంతము లేదు. భార్య అపర్ణ ప్రసవమున మరణించును. అతడు కొడుకు కాజల్‌ను అత్తవారింట విడిచి, మధ్యభారతపు అడవులలో కొలువు చేయుచు తిరుగును. చివరకు తన బాల్యమునే వస్తువుగా గొని ఒక నవల వ్రాయును. ఇచట ఒక సంగతి గమనింపవలెను. ఆ నవల వ్రాసినందున అపూ దుఃఖము తీరినదని రచయిత చెప్పడు. కొడుకును నిశ్చిందిపురమునకు తీసికొనిపోయి, ఆ పల్లెలో అతనిని విడిచి, తాను సముద్రములు దాటిపోవును. కళ మందు కాదు. మందు రోగమును పోగొట్టును. కళ రోగిని నడిపించును. ఈ భేదమును విస్మరించిన రచనలు కౌమార పాఠకునకు ద్రోహము చేయును. పద్యము వ్రాసి, బొమ్మ గీసి, పాట పాడి దుఃఖమును జయించిన కథానాయకుని చూచి, ఆ మూడును చేసియు దుఃఖము తీరని పిల్లవాడు తనలోనే ఏదో లోపమున్నదని తలచును.

విభూతిభూషణుని జీవితమే ఇందుకు సాక్ష్యము. వివాహమైన కొద్దికాలమునకే, 1918లో, ఆయన మొదటి భార్య గౌరి మరణించినది. పథేర్ పాంచాలీని ఆయన భాగల్‌పూర్ ప్రాంతమున ఒక జమీందారీ కొలువులో ఉండగా వ్రాసినాడు. తొలి ప్రతిలో దుర్గ పాత్రయే లేదనియు, ఒకనాటి సాయంకాలము చెదరిన జుట్టుతో నిలిచిన ఒక పల్లెపిల్లను చూచి, ఆమె లేక నవల అసంపూర్ణమని తోచి తిరిగి వ్రాసినాడనియు చెప్పుకొందురు. అనగా దుర్గ ఎవరి అక్కయు కాదు. రచయిత వెదకగా దొరకినది. 1950 నవంబరు 1న ఘాట్‌శిలాలో ఆయన కన్నుమూసినాడు. ఘాట్‌శిలా మా బిలాస్‌పూరు ఉన్న హౌరా మార్గముననే ఉన్న స్టేషను. అప్పటికి ఆయన కొడుకు తారాదాసు మూడేండ్లవాడు. ఆ కొడుకు పెరిగి పెద్దవాడై, తండ్రి విడిచిన చోటనే కథనందుకొని కాజల్ అను నవల వ్రాసినాడు. తండ్రి ముఖము సరిగా గుర్తులేని పిల్లవాడు, తండ్రి సృష్టించిన పిల్లవాని కథను కొనసాగించుట కంటె ఋణమునకును కళకును గల సంబంధమును చూపు నిదర్శనము నాకు తెలియదు.

ఇక అనువాదకులకు సంబంధించిన మాట ఒకటి. టి. డబ్ల్యు. క్లార్క్, తారాపద ముఖర్జీగార్లు 1968లో ప్రకటించిన ఆంగ్లానువాదము ప్రసిద్ధమైనది, మంచి అనువాదము. కాని అది కుటుంబము నిశ్చిందిపురమును విడుచుటతో ఆగిపోవును. కాశీ జీవితమును వర్ణించు అక్రూర సంవాదమను మూడవ భాగము అందులో లేదు. చలనచిత్రము ఆగిన చోటనే అనువాదమును ఆగినది. కథకు ఒక ముగింపు వచ్చినట్లే కనుపించును. కాని మూడవ భాగము చివర, బాల్యపు ఊరికి తిరిగిపోవలెనని తపించు బాలునకు బాటయే దేవతయై, మార్గము మీ ఊరితో ముగియలేదు ముందుకు సాగుమని బోధించు ఘట్టమున్నది. పేరులోని పథము అదియే. దానిని తీసివేసినచో శోకము మిగులును, అన్వేషణము పోవును. విషాదము వరకు అనువదించి ఆగుట పాఠకుని శ్మశానములో విడిచివచ్చుట వంటిది.

పేరు విషయముననే తెలుగువానికొక చిక్కున్నది. పాంచాలి యనగా మనకు ద్రౌపది గుర్తునకు వచ్చును. వంగభాషలో పాంచాలీ యనునది పాడి వినిపించు ఒక కథాగేయము. మన జంగము కథకు, బుర్రకథకు దూరపు చుట్టము. బాటను గూర్చిన పాట యని అర్థము. మరికొన్నిచోట్ల తెలుగు అనువాదకునకు అదృష్టము కలసివచ్చును. దిదీ యన్న పిలుపునకు ఆంగ్లమున సమానమైన మాట లేదు. మనకు అక్క యున్నది. ఆ రెండక్షరములలో పెద్దరికము, చనువు, కోపము, కాపుదల అన్నియు ఇమిడినవి. కాశపువ్వునకు రెల్లుపువ్వు, సిందూరపు కౌటోకు కుంకుమ భరిణె సిద్ధముగా ఉన్నవి. వస్తువుల పేర్లు ఇంత దగ్గరగా ఉన్న భాషలోనికి ఈ శోకము అనువాదమైనప్పుడు, అది పరాయి శోకముగా ఉండదు.

నేటి పాశ్చాత్య కౌమార నవలను చూచినను ఈ క్రమమే కనుపించును. 2010లో అమెరికాలో జాండీ నెల్సన్ వ్రాసిన ద స్కై ఈజ్ ఎవ్రీవేర్ అను నవలలో, పదునేడేండ్ల లెన్నీకి అక్క హఠాత్తుగా మరణించును. ఆమె కాగితపు ముక్కలపైనను, కాగితపు కప్పులపైనను చిన్న కవితలు వ్రాసి ఊరంతట విడిచివేయుచుండును. పోయిన అక్క, తమను విడిచిపోయిన తల్లికొరకు రహస్యముగా వెదకుచుండెనని తరువాత తెలియును. అక్క విడిచిన వెదకులాట చెల్లెలికి ఋణమగును. దేశము వేరు, కాలము వేరు. ఆ ఇంటి దుఃఖమునకు, నిశ్చిందిపురపు దుఃఖమునకు రూపమొక్కటే. అయితే ఆ నవలలో ప్రణయము దుఃఖమునకు తోడుగా నడచును. చివరకు ఓదార్పు పాలు ఎక్కువ. విభూతిభూషణుని నిబ్బరము అందులేదు. అది దోషమనను, ఆ దేశపు కౌమారము కోరునది అదియై యుండవచ్చును.

జపాను దేశపు తెత్సుకో కురొయానగి 1981లో ప్రకటించిన తొత్తోచాన్ తెలుగులో రైలుబడి యను పేర వచ్చి ఇంటింట చదువబడినది. అది నవల కాదు, బాల్యస్మృతి. పాత రైలుపెట్టెలలో నడచు బడి యొక్క ఉల్లాసమును చూచియే మనము దానిని మెచ్చుకొందుము. కాని అందులో పోలియో సోకిన యాసుఆకి యను స్నేహితుని మరణమున్నది. అతడు చదువుమని ఇచ్చిన అంకుల్ టామ్స్ కేబిన్ పుస్తకమును తొత్తోచాన్ తిరిగి ఇయ్యలేకపోవును. మరల అదే ఋణము. ఇరువదియైదు రూపాయలు, చూపని రైలు, తిరిగి ఇయ్యని పుస్తకము. ఎక్కడెక్కడి రచయితలో ఒకరినొకరు ఎరుగక ఒక్క స్థలమునకే చేరినారనిన, అచట మానవహృదయపు ఒక సత్యమున్నదనుటకు సందేహమేల? మరణించినవారు తిరిగిరారన్న మాట పిల్లవాని బుద్ధికి అందదు. ఈ పుస్తకమును ఎవరికి ఇయ్యవలెనన్న ప్రశ్న అందును.

తెలుగున ఈ దారికి దగ్గరగా నడచిన నవల బుచ్చిబాబుగారి చివరకు మిగిలేది. తల్లిని గూర్చిన లోకాపవాదము నీడవలె వెంటాడుచుండగా దయానిధి ఊరూరు తిరుగుట, దేనికొరకో వెదకుట అందులో ఉన్నవి. కాని అతడు మేధావి. తన శోకమును తానే విమర్శించుకొనగలవాడు. అందుచేత అది కళాశాల విద్యార్థుల నవలయైనది గాని, బడిపిల్లల నవల కాలేదు. బడివయస్సు పిల్లవానికి మన బాలసాహిత్యము నవ్వు, నీతి, సాహసము సమృద్ధిగా ఇచ్చినది. దుఃఖమును మాత్రము పొరుగింటికి పంపినది.

ఈ లోటు ఎవరికి తగులునో ఇచట బిలాస్‌పూరులో స్పష్టముగా కనుపించును. రైల్వే కొలువులకై ఉత్తరాంధ్రమునుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇచట తరతరములుగా ఉన్నవి. పిల్లలు బడిలో హిందీ, ఆంగ్లము చదువుదురు. వీధిలో ఛత్తీస్‌గఢీ విందురు. ఇంట తెలుగు మాటలాడుదురు. వారి తెలుగు తాతయ్యతోను, మామ్మతోను ముడిపడిన తెలుగు. ఆ పెద్దలు గతించినప్పుడు పిల్లవాడు పోగొట్టుకొనునది ఒక మనిషిని మాత్రమే కాదు, ఆ మనిషితో మాటలాడిన భాషను. ఆ దుఃఖమును అతడే భాషలో చదువుకొనవలెను? హిందీలోనో, ఆంగ్లములోనో దొరకిన పుస్తకము అతని దుఃఖమును చెప్పగలదేమో. కాని పోయినవారి గొంతుతో చెప్పలేదు. కౌమార నవల తెలుగున లేకపోవుట కేవలము ఒక సాహిత్యశాఖ లోటని భావించువారు ఈ పిల్లవానిని ఒక్కసారి తలచుకొనవలెను.

కనుక వ్రాయబూను మిత్రులకు నా మనవి ఇది. మరణమును వర్ణించుటలో పొదుపు చూపుడు. తరువాతి దినముల వర్ణనములో ధారాళముగా ఉండుడు. పిల్లవాని చేతిలో ఒక వస్తువు పెట్టుడు. అతని శోకము ఆ వస్తువు చుట్టు తిరుగును. అతనికి కలుగరాని భావము కలిగిన, దానిని దిద్దకుడు. అతడు వ్రాసినను, గీసినను, పాడినను, దానిని బహుమానముతోనో చప్పట్లతోనో ముగింపకుడు. పెద్దలు వచ్చి జీవితసత్యము బోధించు అధ్యాయమును తీసివేయుడు. అన్నింటికంటె ముఖ్యముగా, ఋణమును తీర్పకుడు. తీరిన ఋణమున కథ ముగియును. తీరని ఋణమున మనిషి నడచును.

అనువాదకులకును చేయదగిన పని ఉన్నది. అపరాజితో, కాజల్ నవలలను పథేర్ పాంచాలీతో చేర్చి, మూడును ఒక్క బాటగా, కోతలు లేక, బడిపిల్లవానికి అందు తెలుగులో అందించిన, ఒక తరము పాఠకులకు మేలు కలుగును. దుర్గ చూడని రైలు ఈ దేశమున ఇంకను నడచుచునే ఉన్నది. దాని కిటికీకడ కూర్చున్న పిల్లవాని చేతిలో మన భాషలో ఒక పుస్తకముండవలెను.